నీళ్లు తాగని ఇనుము

బోధన్ చుట్టుపక్కల చెరుకు కొట్టేవాళ్లలో భోజన్న చేసిన కత్తి పట్టనివాడు దాదాపు లేడు. పగలంతా షుగర్ ఫ్యాక్టరీ వర్క్‌షాపులో కమ్మరి పని, సాయంత్రం ఇంటి ముందు సొంత కొలిమి. పాతబడిన లారీల కింది కమాన్ ఉక్కు పట్టీలు కొని తెచ్చి, కాల్చి, సాగగొట్టి కత్తులు చేసేవాడు. ఎర్రగా కాలిన పట్టీని తొట్టిలో ముంచితే చుయ్యిమని ఒక్క అరుపు అరిచి బిగుసుకుపోతుంది. దాన్నే వాళ్లింట్లో ఇనుము నీళ్లు తాగడం అంటారు. ఎంత తాగాలో, ఎప్పుడు బయటికి తీయాలో భోజన్నకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఊరంతా ఒప్పుకునేది. ఊరికన్నా ముందు భోజన్న ఒప్పుకునేవాడు. తన కత్తికి వంక పెట్టినవాడితో ఆ సీజనంతా మాట్లాడేవాడు కాదు.

అంత పేరున్న మనిషికి ఒక ఇనుప ముక్క కొరకరాని కొయ్యై కూర్చుంది. అది ఆయన అక్క అంజవ్వ తుంటిలో ఉంది.

అంజవ్వే లేకపోతే భోజన్న కొలిమి ఏనాడో చల్లారిపోయేది. తండ్రి పోయేనాటికి భోజన్నకు పట్టకారు పట్టడం కూడా సరిగ్గా రాదు. పెనిమిటిని పోగొట్టుకుని పుట్టింటికి చేరిన అంజవ్వ తిత్తి ఊదింది, సమ్మెట ఎత్తింది, తమ్ముడి వెనక నిలబడి తండ్రి పని నేర్పించింది. ఆడమనిషి సమ్మెట పట్టుడేందని గొణిగినవాళ్లను సమ్మెట భుజాన వేసుకునే పలకరించేది. తమ్ముడు నాలుగు రాళ్లు సంపాదించడం మొదలుపెట్టాక కూడా ఊరికే కూర్చోలేక చెరుకు కోతలకు పోయేది. అట్లా ఒక సీజన్లో, ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుసలో, నిండు చెరుకు బండి మీది నుంచి జారి పడింది. తొడ ఎముక పైభాగం, తుంటి గిన్నెలో తిరిగే గుండు దగ్గర, పుటుక్కున విరిగింది.

హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఆ విరిగిన గుండు తీసేసి ఉక్కు గుండు పెట్టి పంపించారు. అంజవ్వ నడిచింది. మునుపటంత కాకపోయినా నడిచింది, మళ్లీ చేనుకు పోయింది. "కమ్మరోళ్ల ఆడబిడ్డను గదా, నా ఒంట్ల గూడ ఇనుమే పెట్టిండ్రు" అని పది మందికీ చెప్పుకుని నవ్వింది.

ఒక దసరాకు ముందు ఆ నవ్వు ఆగిపోయింది. తొడ ఎర్రగా వాచి, పగిలి, చీము కారడం మొదలైంది. పసుపు పెట్టారు, ఆకులు కట్టారు, సూదులు వేయించారు. సూది వేసినన్నాళ్లు ఆగడం, మానగానే మళ్లీ కారడం. ఇంటికొచ్చినవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా కూర్చోలేకపోయేవాళ్లు. ఎవరూ అనకముందే అంజవ్వ తన మంచం గొడ్ల కొట్టంలోకి మార్పించుకుంది.

"అక్కా, లోపలికి రావే. నా తాన నీకు సిగ్గేందే?" అని భోజన్న బతిమిలాడితే ఆమె వినలేదు.

"ఎడ్లకు ముక్కున్నా నోరు లేదురా తమ్మీ. ఈడనే బాగున్నది" అంది. మళ్లీ తనే అంది. "నాకు నడిపియ్యకున్నా మంచిదే. కుంటుకుంట, దేకుకుంట బతుకుత. ఈ ఇనుం తీపియ్యి. కంపు లేకుంట సస్తే సాలు నాకు."

నిజామాబాద్‌లో ఒక మిషన్ దవాఖాన ఉండేది. అక్కడి డాక్టర్ జీవరాజు మెథడిస్టు క్రైస్తవుడు, సిరికొండ వైపు పల్లెలో పుట్టి మద్రాసులో చదువుకొచ్చినవాడు. ఎంత చదివినా రోగుల దగ్గర ఇంటి మాటే మాట్లాడేవాడు కాబట్టి జనానికి ఆయనంటే గురి. అంజవ్వను అక్కడ చేర్చాక, ఎక్స్‌రే బొమ్మను కిటికీ వెలుతురుకు పట్టి భోజన్నను దగ్గరికి పిలిచాడు.

"ఇగో చూడు భోజన్నా. ఈ గుండు కింద కత్తి అసొంటి కాడ ఉన్నది. అది తొడ ఎముక లోపలికి దిగి ఉన్నది. కాడకు రెండు కిటికీలు పెట్టిండ్రు. ఎముక ఆ కిటికీలల్లకెళ్లి పెరిగి దాన్ని పట్టుకుంటది. మంచిగున్నప్పుడు మనకు కావాల్సింది అదే. ఇప్పుడు అదే మన మెడకు సుట్టుకున్నది. పైన చీము తిని గుండు కదులుతున్నది, కింద కాడ మాత్రం ఎముకను ఇడుస్తలేదు."

"తీసెయ్యిరి సాబ్."

"పెట్టుడు అల్కనే. తీసుడే తిప్పలు" అన్నాడు డాక్టరు. "కిటికీలల్ల పెరిగిన ఎముకను కోసెటందుకు సన్నటి ఉలులు నా తాన ఉన్నయి. సుత్తి ఉన్నది. పట్టి లాగెటందుకు కొక్కెం లేదు. గుండు పక్కన, కాడ భుజం మీద, సన్నటి రంధ్రం కనపడుతున్నదా? ఆ కొక్కెం తగిలించెటందుకే అది పెట్టిండ్రు. బొంబాయి కంపెనీకి రాసిన. ఇంగ్లండు సీమకెళ్లి సరుకు రావాలంటున్నరు. హైదరాబాద్‌ల అరువు అడిగితే మాకే పనున్నదన్నరు. మీ అక్కను ఆడికి పంపుదామంటే అంత దూరం పోయే సత్తువ ఆమెకు లేదు. అందుకే నిన్ను అడుగుతున్న."

సుద్దముక్క తీసుకుని, గచ్చు మీద గొంతుక్కూర్చుని డాక్టరు బొమ్మ గీశాడు. మూరెడు కడ్డీ. కింది కొస పెన్సిల్ కన్నా సన్నగా వంగి, కొక్కెం. పై కొసకు అడ్డంగా ఒక కడ్డీ. కొక్కేన్ని రంధ్రంలో తగిలించి, అడ్డకడ్డీని కింది వైపు నుంచి సుత్తితో పైకి కొడుతూ పోతే కాడ మెల్లగా ఎముకలోంచి బయటికి రావాలి. భోజన్నకు చెప్పకముందే అర్థమైంది. దిగేసిన గునపాన్ని భూమిలోంచి పీకడం లాంటి పనే.

డాక్టరు బీరువాలోంచి మెరిసే కడ్డీ ఒకటి తీసి చేతికిచ్చాడు. "ఇది ఇరిగిన ఎముకలల్ల ఏసేది. తుప్పు పట్టది. దీన్నే కాల్చి వంచు. ఇంకోటి వాడకు. నీళ్లల్ల ముంచి గట్టి చేసుడు వద్దు. మెత్తగుంటెనే నాకు మంచిది. దెబ్బకు వంగిందనుకో, బయటికి తీసి సక్కగ కొట్టుకొని మళ్ల తగిలిస్త. ఇరిగిందంటే మాత్రం ముక్క లోపల పడ్తది. గది యాదుంచుకో."

"సరే సాబ్" అన్నాడు భోజన్న.

ఆ సరే బోధన్ దాకా కూడా నిలవలేదు.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చి కొలిమి రాజేశాడు. కడ్డీ కొస ఎర్రగా కాల్చి, అలవాటు కొద్దీ తొట్టిలో ముంచాడు. చుయ్యిమంది గానీ బిగుసుకోలేదు. ఆకురాయి పెట్టి చూస్తే ముందెంత తినిందో ఇప్పుడూ అంతే తింటోంది. ఇంకోసారి కాల్చి ముంచాడు. అంతే. భోజన్న జన్మలో ఇట్లాంటి ఇనుమును చూడలేదు. నీళ్లు తాగని ఇనుము. చూస్తే వెండిలా తళతళ, లోపల చూస్తే బొక్కెన కాడకు తప్ప ఎందుకూ కొరగాదు. కత్తి చేస్తే ఒక్క గెడ చెరుకు కొట్టేసరికి మొహం తిప్పేస్తుంది.

దీంతోనా అక్క ఎముకలోంచి ఆ కాడను పీకేది? తొడ తెరిచి పెట్టి ఉంటుంది, నెత్తురు కారుతూ ఉంటుంది, కొక్కెం ఒంగి జారుతూ ఉంటుంది, డాక్టరు దాన్ని మళ్లీ మళ్లీ తీసి సాపు చేసుకుంటూ ఉంటాడు. అదంతా భోజన్నకు కళ్లముందు కనబడింది. సాబుకు ఎముకల సంగతి తెలుసు, ఒప్పుకుంటాను. ఇనుము సంగతి నాకు చెప్పేదేముంది అనుకున్నాడు. ఊరందరికీ అంత గట్టి కత్తులు చేసి, తోడబుట్టినదానికి మెత్తని ఇనుము పెట్టడమా? ఆ ఆలోచనలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ప్రేమ ఎంతుందో పొగరూ అంతే ఉంది. ఆ రెండూ కలిసినప్పుడు మనిషికి చెవులు పనిచేయవు.

కడ్డీని చూరులో దోపాడు. కత్తులకు దాచిన కమాన్ పట్టీల్లో మంచిది ఏరి తీశాడు. కోసి, కాల్చి, గుండ్రంగా సాగగొట్టి, కొసను కొక్కెంగా వంచాడు. నిప్పులో దానిమ్మ గింజ రంగు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచాడు. కత్తికైతే ముంచిన తరవాత మళ్లీ సెగ చూపించి, గోధుమ రంగు పాకేదాకా ఆగి, పెళుసుతనం కాస్త తగ్గిస్తాడు. ఇది అక్కకు పోయే పనిముట్టు. ఒక రవ్వ గట్టిగానే ఉండనీ అనుకుని, రంగు పూర్తిగా పాకకముందే మళ్లీ నీళ్లలో పెట్టేశాడు. గరుకు కాగితంతో రుద్ది రుద్ది, డాక్టరిచ్చిన కడ్డీ లాగే తళతళలాడించాడు.

నిజామాబాద్ తీసుకెళ్లి ఇచ్చినప్పుడు డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు. "సీమ సరుకు గూడ గింత నున్నగ ఉండదు. గట్టి చెయ్యలేదు గదా?"

"లేదు సాబ్."

"నేనిచ్చిన కడ్డీనే గదా?"

"అదే సాబ్."

అంత సులువుగా వచ్చింది అబద్ధం. అబద్ధమనే భోజన్నకు అనిపించలేదు. మంచి పని చేసి చెప్పకుండా ఊరుకున్నట్టే అనిపించింది.

ఆపరేషన్ పొద్దున మొదలైంది. కొక్కెం వంపు ఎక్కడైనా సరిపోకపోతే అప్పటికప్పుడు సరిచేయాలని డాక్టరు భోజన్నను వరండాలోనే ఉండమన్నాడు. ఆపరేషన్ గది కిటికీ అద్దాలకు తెల్లరంగు పూసి ఉంది. ఏమీ కనబడదు. ఈథర్ వాసన మాత్రం వస్తోంది, చప్పుళ్లు వినబడుతున్నాయి. లోపలికి తీసుకుపోయేముందు అంజవ్వ స్ట్రెచర్ మీది నుంచే తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"నీ చేతిదే గదరా? ఇగ నాకేం భయం" అంది.

ముందు ఉలి చప్పుడు. పిచ్చుక గింజలు పొడిచినట్టు చిన్నగా, ఆగి ఆగి. కిటికీల్లో పెరిగిన ఎముకను కోస్తున్నారని భోజన్న లెక్కగట్టుకున్నాడు. అది చాలాసేపు సాగింది. తరవాత డాక్టరు ఏదో అడగడం, దవాఖాన కాంపౌండరు సీమోను అందించడం వినబడింది. టంగ్. సుత్తి అడ్డకడ్డీకి తగిలింది. టంగ్. భోజన్న ఒళ్లు పులకరించింది. మెత్తని ఇనుము అట్లా మోగదు. గుడి గంటలా మోగుతోంది తన పని. టంగ్. టంగ్. ప్రతి దెబ్బకూ భోజన్న భుజం తనకు తెలియకుండానే పైకి లేస్తోంది, సుత్తి తన చేతిలోనే ఉన్నట్టు.

ఆ తరవాత పడిన దెబ్బ మోగలేదు. టక్కుమంది.

ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా కమ్మరికి ఆ చప్పుడు తెలుస్తుంది. లోపల డాక్టరుకు ఏమైందో అర్థమయ్యేలోపే బయట భోజన్నకు అర్థమైంది. వరండా స్తంభం పట్టుకుని అట్లాగే కూలబడ్డాడు. లోపల ఒక్కసారిగా మాటలు, పరుగులు, పళ్లాలు తగిలిన చప్పుడు.

సీమోను తలుపు తోసుకుని వచ్చాడు. ముంజేతులదాకా నెత్తురు. "కొక్కెం ఇరిగిందన్నా. ముక్క ఎముక లోపలికి జారింది. ఎముకను నిలువున చీల్చి గుండును తీస్తున్నడు సార్. నెత్తురు మస్తు పోతున్నది. నీది కలుస్తదేమో చూడాలె, జల్ది రా" అన్నాడు.

కలిసింది. భోజన్న పక్క గదిలో పడుకుని సీసాడు నెత్తురిచ్చాడు. ఇస్తున్నంతసేపూ పైకప్పు వైపే చూశాడు. ఇంకా తీసుకోండి, ఉన్నదంతా తీసుకోండి అని సీమోనుతో అన్నాడు. సీమోను అది తోడబుట్టినవాడి బాధ అనుకున్నాడు.

హైదరాబాద్‌లో పెట్టిన గుండు, కాడ బయటికొచ్చాయి. భోజన్న కొక్కెం కొస మాత్రం రాలేదు. చీల్చిన ఎముకలో ఎక్కడో లోతుకు దిగిపోయింది. దాన్ని వెతుకుతూ కూర్చుంటే మనిషి బల్ల మీదే పోయేలా ఉందని, కుట్లు వేసేసి బయటికి తెచ్చారు. కొంచెం కోలుకున్నాక మళ్లీ తెరిచి తీస్తానని డాక్టరు అన్నాడు. అని, భోజన్న ముందు నిలబడి, ఆ చదువుకున్న మనిషి తల దించుకున్నాడు.

"నాదే తప్పు భోజన్నా. కాడ కదులుతలేదని ఆత్రానికి గట్టిగ కొట్టిన. వంగుతదనుకున్న గని గింత తొందరగ ఇరుగుతదనుకోలే. నీ పనిల లోపం లేదు. నా చెయ్యే ఆగలే."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. భోజన్న నోరు తెరిచాడు కూడా. సాబూ కాదు అన్నంతవరకూ వచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. డాక్టరు ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు.

అంజవ్వకు బాగా తెలివి వచ్చాక, ఒకనాడు సీమోను కట్టు మార్చడానికి వచ్చినప్పుడు అడిగింది. "మా తమ్ముడు చేసింది ఏదయ్యా? నాకు సూపియ్యవా?" సీమోను సందేహించాడు గానీ, ఆమె పట్టు వదలకపోయేసరికి విరిగిన కడ్డీని తెచ్చి చేతిలో పెట్టి వెళ్లాడు. భోజన్న మంచం పక్కనే కింద కూర్చుని ఉన్నాడు.

అంజవ్వ అడ్డకడ్డీ వైపు చూడలేదు. విరిగిన కొసను కిటికీ వెలుతురుకు తిప్పి పట్టుకుంది. విరిగినచోట ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లగా, సన్నగా మెరుస్తోంది. మెత్తని ఇనుము విరిగితే పీచులా సాగి విరుగుతుంది. ఇది నీళ్లు ఎక్కువ తాగిన కమాన్ పట్టి. ఎన్నేళ్లు తిత్తి ఊదిందో, ఎన్ని పెళుసు కత్తులు తిరిగొస్తే చూసిందో ఆమెకు తెలుసు.

"కమాన్ పట్టి" అంది.

భోజన్న ఆమె చేతిలోంచి కడ్డీ తీసుకోబోయాడు, ఆమె వదలలేదు.

"డాక్టరు కడ్డీ ఇచ్చిండన్నవు గదరా."

"అది నీళ్లు తాగలే అక్కా. మెత్తగున్నది. నీకు మెత్తటిది ఎట్ల పెడుదు?" అని ఇక ఆపుకోలేక, ఆమె మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చాడు.

అంజవ్వ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని భోజన్న తరవాత ఎన్నోసార్లు అనుకున్నాడు. ఆమె కడ్డీని పక్కన పెట్టి, తమ్ముడి నెత్తి మీద చెయ్యి వేసింది. "డాక్టరు అన్నం సక్కగ తింటలేడట. సీమోను సెప్పిండు. పాపం, ఆయన ఏం చేసిండురా? పోయి సెప్పు."

"సెప్తనక్కా."

చెప్పలేదు. భయమా అంటే భయం కాదు. డాక్టరు కొట్టడు, ఫ్యాక్టరీలో నౌకరీ పోదు. సిగ్గు. బోధన్‌లో భోజన్న కత్తి అంటే ఎత్తిన చెయ్యి దించకముందే చెరుకు తెగుతుందనే పేరు. ఆ పేరు మీద నీళ్లు పోసుకోవడానికి చెయ్యి రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపులు అట్లాగే దొర్లిపోయాయి.

ఈలోపు దవాఖానలో ఒక సంగతి జరిగింది. భీమ్‌గల్ నుంచి లింబయ్య అనే ముసలి రైతును బండి మీద తీసుకొచ్చారు. ఎప్పుడో విరిగిన తుంటికి వేసిన ఉక్కు మేకు ఇప్పుడు వదులై, అడుగు తీసి అడుగు వేస్తే పొడుస్తోంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. "ఇనుం తీసే పని నేను చేస్తలేనయ్యా. నా చెయ్యి మంచిది కాదు" అన్నాడు. ముసలాయన కొడుకులు మొహమొహాలు చూసుకుని బండి భీమ్‌గల్ వైపే తిప్పారు. హైదరాబాద్ పోయే బండి కాదది. భోజన్న వరండాలో నిలబడి అదంతా చూశాడు, విన్నాడు. తలుపు దాకా పోయి వెనక్కొచ్చాడు.

అంజవ్వ తొడ మొదట్లో మానినట్టే మానింది. ఆమె ఒకటి రెండు వారాలు నిజంగానే కంపు లేకుండా పడుకుంది. అన్నం అడిగి తింది. తరవాత కుట్ల కింద మళ్లీ ఎర్రబడింది, మళ్లీ చీము. లోపల ఇనుము ఉన్నంతకాలం ఆగదని డాక్టరు మొదట్లోనే అన్నాడు. పాత ఇనుము పోయింది, కొత్త ఇనుము ఉంది. అంతే తేడా. రెండోసారి తెరవడానికి ఆమెలో మిగిలిందేమీ లేదు. ఎండాకాలం ముదిరేసరికి జ్వరం దిగడం మానేసింది. "నన్ను ఇంటికి తోల్కపో" అంది. ఆ గొడ్ల కొట్టంలోనే, ఆ కంపులోనే, ఎడ్లు నెమరు వేస్తుంటే, ఒక మధ్యాహ్నం పోయింది. కంపు లేకుండా చస్తే చాలన్న మనిషికి ఆ చిన్న కోరిక కూడా దక్కలేదు.

పోయేముందు మళ్లీ అడిగింది. "సెప్పినవారా?"

"సెప్పిన" అన్నాడు భోజన్న. అది డాక్టరుతో ఆడినంత సులువుగా రాలేదు.

మూడోనాడు బూడిద దగ్గరికి వెళ్లారు. పాలు చల్లి, చితి చల్లారిందో లేదో చూసి, కాలగా మిగిలిన ఎముకలు కుండలోకి ఏరుతున్నారు. తొడ భాగం దగ్గర భోజన్న వేలికి గట్టిగా ఏదో తగిలింది. గోరంత ముక్క, నల్లగా, వంకరగా. కొక్కెం కొస. పక్కనున్న మేనమామ భూమన్న తొంగి చూశాడు.

"హైదరాబాదోళ్లది కొంచెం మిగిలిందా ఏందిరా? పాపం, గది పట్టుకొనే పోయింది పిల్ల. దాన్ని గూడ గంగల కలుపు" అన్నాడు.

భోజన్న తువ్వాలు కొంగులో ముడివేసుకున్నాడు.

కందకుర్తిలో నదులు కలిసేచోట కుండ వదిలాడు. ఎండాకాలం, నీళ్లు తక్కువ, మోకాళ్లదాకా నడిచి వదలాల్సి వచ్చింది. అందరూ మునిగి లేచి ఒడ్డుకు వెళ్లాక కూడా నీళ్లలోనే నిలబడి కొంగు ముడి విప్పాడు. వదిలేస్తే అయిపోతుంది. భోజన్న తప్ప ఇంకెవరికీ తెలియదు, తెలిసిన ఇంకొక్కరు అప్పుడే నీళ్లలో కలిసిపోయారు. ముక్కను చాలాసేపు పట్టుకుని, మళ్లీ ముడివేసుకుని ఒడ్డెక్కాడు.

మర్నాడు చూరులోంచి డాక్టరు కడ్డీ తీశాడు. పొగచూరి ఉంది, తుడిస్తే మళ్లీ తళతళలాడింది. ఒక కొస మాత్రం కొలిమిలో కాల్చినచోట నల్లగా ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాడు.

డాక్టర్ జీవరాజు రోగులను చూడటం అయిపోయి ఒక్కడే కూర్చున్నాడు. భోజన్న గొరిగించుకున్న తల చూసి లేచి నిలబడ్డాడు. "ఎప్పుడు?" అన్నాడు. డాక్టరు సగమైపోయాడని భోజన్నకు అప్పుడు కనబడింది.

భోజన్న సంచిలోంచి కడ్డీ తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే తువ్వాలు ముడి విప్పి ఆ నల్లముక్క పెట్టాడు.

డాక్టరు ముందు ముక్కను చూశాడు, ఆ తరవాత కడ్డీని. కోయని కడ్డీ, వంచని కడ్డీ, ఒక కొస నల్లబడటం తప్ప తను ఇచ్చింది ఇచ్చినట్టే. చూస్తూ చూస్తూ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. భోజన్న అప్పటికి నోరు విప్పాడు.

"తప్పు మీ చేతిది కాదు సాబ్. నేను కమాన్ పట్టితోని చేసిన. నీళ్లల్ల ముంచిన. మీరు వద్దన్నా ముంచిన. మా అక్కకు తెలుసు. మీకు సెప్పుమన్నది. నేనే సెప్పలే."

బయట ఎవరో రోగి దగ్గుతున్నాడు. డాక్టరు సొరుగులోంచి చిన్న పట్టకారు తీశాడు. నల్లముక్క కొసను బల్ల అంచుకు ఆనించి, రెండో కొసను పట్టుకుని నొక్కాడు. ఏం జరుగుతుందో భోజన్నకు ముందే తెలుసు. ఎర్రగా కాలిన ఇనుమును నీళ్లలో ముంచకుండా బూడిదలో కప్పి మెల్లగా చల్లారనిస్తే మెత్తబడుతుందని తిత్తి ఊదేవాళ్లకు కూడా తెలుసు, చితి చేసిందీ అదే. ముక్క విరగలేదు. మైనంలా వంగింది.

డాక్టరు వంగిన ముక్కను అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"నేనడిగింది గిట్లాంటిదే గద భోజన్నా" అన్నాడు.

భోజన్నకు కన్నీళ్లు ఆగలేదు. ఏడుస్తూనే చెయ్యి చాపాడు. "కడ్డీ ఇయ్యిరి సాబ్. ఈసారి మీరెట్ల సెప్తే అట్లనే చేస్త. నీళ్లు సూపియ్య. ఒట్టు."

డాక్టరు సీమోనును పిలిచాడు. భీమ్‌గల్ పోయేవాళ్లెవరైనా ఉంటే లింబయ్యను తీసుకురమ్మని కబురు చెప్పమన్నాడు, ఈ కడ్డీని హైదరాబాద్‌లో వంపించుకు రావాలి, ఎవరు పోతారో చూడమన్నాడు. మాట్లాడుతూనే కడ్డీని తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. భోజన్న చెయ్యి ఇంకా చాపే ఉంది.